బోడిగుట్ట గేటు

తెల్ల తుమ్మ విత్తనం మొండిది. ఊరికే మట్టిలో వేస్తే ఏండ్లు గడిచినా కన్ను తెరవదు. వేన్నీళ్ళలో నానబెట్టండని ట్రైనింగులో చెప్పినారు. యాసిడ్‌లో ముంచి తీయండని ఇంకొకాయన చెప్పినాడు. రెండూ చేసి చూసినాను. నూటికి ఇరవై మొలిచినాయి. మేక కాయ తిని, దొడ్లో పండుకుని నెమరేసి, ఉమ్మేసిన విత్తనం మాత్రం నూటికి ఎనభై మొలుస్తుంది. ఈ మాట నాకు చెప్పింది ఏ ఆఫీసరూ కాదు. ఉద్దనపల్లి పక్క పల్లెలో మేకలు మేపుకునే కెంపమ్మ.

నా పేరు మునివెంకటప్ప. కెలమంగలం దగ్గర సేద్యగాళ్ళ ఇంట్లో పుట్టినాను. వాచరుగా చేరి, గార్డునై, ఫారెస్టర్నయినాను. ఫారెస్టరంటే తుపాకి పట్టుకుని ఏనుగుల వెంట తిరిగేవాడని జనం అనుకుంటారు. తుపాకి నేను పట్టింది లేదు. గుంతలు తవ్వించడం, చచ్చిన మొక్కలు లెక్కపెట్టడం, ఎండాకాలంలో మంట పాకకుండా గుట్ట చుట్టూ గడ్డి చెక్కించడం, మేకలు తోలుకొచ్చే ఆడోళ్ళతో కొట్లాడడం, ఇదీ నా పని. అన్నిటికంటే చివరిదే ఎక్కువ.

1993లో నేను ఉద్దనపల్లి సెక్షనులో ఉన్నాను. మా కింద బోడిగుట్ట అని ఒక గుట్ట. పేరులో అబద్ధమేమీ లేదు. బండలు, గరిక, ఆడాడ ముళ్ళకంప. మేకలు తిని బోడి చేసినాయని ఆఫీసుల్లో అంటారు. వట్టి మాట. మా నాయన కాలంలో బొగ్గుల కాంట్రాక్టరొకడు ఆ గుట్ట మీద రెండేండ్లు బట్టీలు పెట్టినాడు. చెట్లన్నీ మొదలంటా నరికి, కాల్చి, బొగ్గులు లారీల్లో బెంగుళూరుకు తోలినాడు. మేక గొడ్డలి పట్టదు. అయినా ఆ కాంట్రాక్టరు పేరు మా శాఖ పెట్టిన ఏ బోర్డు మీదా లేదు, మేక పేరు అన్ని బోర్డుల మీదా ఉంది.

చెట్టు లేకపోయినా ఆ గుట్టకు చప్పుడుండేది. పొద్దున్నే కెంపమ్మ మంద ఎక్కేది. ఎనభై మేకలు. ముందర బొల్లి అనే ముసలి మేక, దాని మెడలో కంచు గంట. గుట్ట కింద సైకిల్ మీద పోతా నేను ఆ గంట వినేవాడిని. మంద ఏ పక్కనుందో దాన్నిబట్టి తెలిసేది. అప్పట్లో అది నాకు ఒక గుర్తు, అంతే.

ఆ ఏడు రేంజరు పిలిచి చెప్పినాడు. బోడిగుట్ట మీద నూరెకరాలు నాటాలి. చుట్టూ ట్రెంచి తవ్వాలి. ఒకటే గేటు. ఐదేండ్లు లోపల ఒక్క గిట్ట పడకూడదు. చెప్పి ఆయన జీపెక్కి పోయినాడు. నా దగ్గర మొలిచే విత్తనం లేదు. ట్రెంచి తవ్వితే పల్లెవాళ్ళు వారం తిరక్కుండా పూడ్చేస్తారని కూడా నాకు తెలుసు. రెండు రోగాలకూ ఒకటే మందు, కెంపమ్మ. ఆమె సరేనంటే మేకలున్న ఇండ్లన్నీ సరేనంటాయి.

నేను పోయేటప్పటికి ఆమె దొడ్డి ఊడుస్తా ఉంది. మొగుడు లేడు. మాదప్ప అని పెండ్లయిన కొడుకు. ఊడ్చిన పెంటికల్లో విత్తనాలు మెరుస్తా ఉండినాయి, నూనె పూసినట్టు. దిబ్బ మీద చూస్తే జానెడు జానెడు తుమ్మ మొక్కలు, ఎవరూ నాటలేదు, ఎవరూ నీళ్ళు పోయలేదు. నేను నోరు తెరిచి చూస్తా ఉంటే ఆమెకు నవ్వొచ్చింది. పొలం గట్ల మీది కాయలు మేకలు తింటాయని, దొడ్లో కూర్చుని ఉమ్ముతాయని, చిన్నబిడ్డకు చెప్పినట్టు చెప్పింది. ఇన్నేండ్లు అడివి ఉద్యోగం చేసినోడివి, మేక మూతి చూడలేదా అనింది.

ఆ ఎండాకాలమంతా దొడ్డి ఊడ్చిన విత్తనం నాకియ్యమని అడిగినాను. దానికేం, తీసుకుపో అనింది. ఎందుకని అడిగింది. అప్పుడు రెండో సంగతి చెప్పినాను. ట్రెంచి, గేటు, ఐదేండ్లు. ఆమె చేతిలో పొరక ఆగిపోయింది.

"మా మేక నోట్లోంచి విత్తనం తీసుకుని, మా మేక నోరే కడతావా ఫారెస్టరప్పా?"

నేను చెప్పాల్సింది చెప్పినాను. ఈ గుట్ట మీద ఇప్పుడు మేకకు దొరికేది రాళ్ళు నాకడమే. చెట్లు లేస్తే, ఎండాకాలంలో ఎక్కడా పచ్చిపోచ లేనప్పుడు, కాయ రాలుతుంది. ఎనభై కాదు, రెండొందల మేకలు బతుకుతాయి. నేను అబద్ధం చెప్పలేదు. నమ్మే చెప్పినాను.

వారం తర్వాత మాదప్ప వచ్చి అమ్మ రమ్మంటా ఉందన్నాడు. పోతే దొడ్డి ముందర నల్ల కంబళి పరిచిపెట్టింది. వాళ్ళ కులంలో కంబళి మీద నిలబడి చెప్పిన మాట తప్పకూడదు. పెండ్లి మాటలు, అన్నదమ్ముల పంపకాలు, అన్నీ దాని మీదే. నేను బూట్లు విప్పినాను. మేజోడుకు బొక్కపడి బొటనవేలు బయటికొచ్చింది. మాదప్ప చూసి నవ్వినాడు. సర్కారోడి వేలు కూడా మన వేలు మాదిరే ఉంటుంది, చూసినావా అని కెంపమ్మ వాడితో అనింది. నేను నిలబడినాను.

"ఐదేండ్లు ఓర్చుకో కెంపమ్మా. ఆరో ఏడు ఎండాకాలం, కాయ రాలే నెలలో, నేనే వచ్చి గేటు తీస్తాను. అందరికంటే ముందు నీ మంద ఎక్కుతుంది."

ఆమె కంబళి దులిపి మడిచింది. నాలుగు మూటల విత్తనం ఏరిచ్చింది. పెంటికలు చిదిపి, గింజ గింజా చేత్తో.

ఇప్పుడు నా తప్పు చెప్తాను. ప్లాంటేషన్ జర్నల్ అని మాకొక పుస్తకం ఉంటుంది. నాటిన ప్రతి చోటికీ ఒకటి. వాన ఎప్పుడు పడింది, గుంతలెన్ని, విత్తనం యాడి నుంచి వచ్చింది, ఎన్ని చచ్చినాయి, గుట్ట మీద ఎవరికి ఏం హక్కుంది, అన్నీ అందులో రాయాలి. ఫారెస్టర్ మారిపోతాడు, పుస్తకం ఉంటుంది. పుస్తకంలో లేనిది గుట్ట మీద లేనట్టే. ఈ మాట కొత్త గార్డులకు నేనే పాఠం చెప్పేవాడిని. అట్లాంటోడిని, విత్తనం అనే చోట "శాఖ ద్వారా సేకరించినది" అని రాసినాను. మేక ఎంగిలి అని రాస్తావా, పైవాళ్ళు చదివితే ఏమనుకుంటారు అని రేంజరు నవ్వినందుకు. ఆరో ఏడు మేకలను వదలాలనే మాట అసలు రాయనే లేదు. రాస్తే ప్లాను వెనక్కొస్తుందన్నాడు. ముందు మొలవనీ, తర్వాత రాసుకుందాంలే అనుకున్నాను. కంబళి మీద చెప్పినాను గదా, కాగితం ఎందుకని కూడా అనుకున్నాను. సర్కారు బూట్లు తొడుక్కున్నోడు అనుకోకూడని మాట అది.

జూన్ వానకు విత్తినాము. పన్నెండో దినం నేను పొద్దున్నే గుట్టెక్కినాను. గుంత గుంతకూ రెండేసి ఆకులు. బండల నడుమ నూరెకరాలూ సన్నగా, పచ్చగా. నాకు ఇద్దరు బిడ్డలు పుట్టినారు, అప్పుడు కూడా అంత సంతోషం లేదు. ఈ మాట నా పెండ్లాం ముందర అనలేదు.

మాదప్పను వాచరుగా పెట్టినాను, దినకూలి మీద. కొడుకు గుట్టకు కాపలా, తల్లి మేకలు గుట్ట కింద. మధ్యాహ్నం రాగిముద్ద తీసుకొచ్చి గేటు కమ్ముల నడుమ వాడికిచ్చేది. నీకు తిండి పెట్టేది నేను, నా మేకను తిననియ్యనిది నువ్వు అని తిట్టుకుంటానే ఇచ్చేది. రెండో ఏడు ఆమె మేకలు మూడు ట్రెంచి దూకినాయి. వాడు వాటిని పట్టుకుని బందెలదొడ్డికి తోలినాడు. పల్లె పల్లె నవ్వింది. కెంపమ్మ మూడు దినాలు ముద్ద తీసుకురాలేదు. నాలుగో దినం తెచ్చింది. నువ్వు మాట తప్పలేదు, మీ ఫారెస్టరప్ప కూడా తప్పకుండా ఉంటే చాలు అనిందంట.

మంద తగ్గతా వచ్చింది. మేత యాడుంది? చేన్లలో హోసూరు వాళ్ళు రోజా తోటలు వేసి, వాటి మీద ప్లాస్టిక్ గుడారాలు కట్టినారు. ఇంతకుముందు పంట కోసినాక మంద కట్టమని రైతులే పిలిచేవాళ్ళు, ఎరువు కోసం. ఇప్పుడు మూటల ఎరువు వచ్చింది, మేకను చూస్తే తరిమేవాళ్ళు. ఎనభై మేకలు అరవై అయినాయి. అరవై నలభై అయినాయి. మేకలమ్మి ఆవును కొనుక్కోమని కోడలు పోరు పెట్టింది. కెంపమ్మ ఒకటే మాట చెప్పేది. ఆరో ఏడు గేటు తీస్తారు, అప్పటికి నా దొడ్లో తల్లి మేకలుండాలి.

1996లో నన్ను బర్గూరుకు మార్చినారు. అడివి లేదు, చెట్టు లేదు. లారీల మీద పోయే కట్టెకు పర్మిట్ చూడడం నా పని. కట్టె లారీ ఒకటొస్తే గ్రానైట్ లారీలు ఇరవై వచ్చేవి. ఒక్కొక్కదాని మీద ఇల్లంత రాయి. దుమ్ము టీ గ్లాసులో పడేది, కంట్లో పడేది, నిద్రలో కూడా పండ్ల కింద కరకరలాడేది. గ్రానైట్ లారీ ఒకటి పోతే నాకు బోడిగుట్ట బండలు కనిపించేవి. ఆ బండల నడుమ నా మొక్కలు ఇప్పుడు నడుమెత్తు ఉంటాయా, తలెత్తు ఉంటాయా అని లెక్కేసుకునేవాడిని. రాయకోట పక్క నుంచి వచ్చే బస్సు కండక్టరును అడిగేవాడిని, బోడిగుట్ట పచ్చగుందా అని. టిక్కెట్లు చూసుకోవాలా గుట్ట చూసుకోవాలా సారూ అనేవాడు. అయినా అడిగేవాడిని.

అన్నిటికంటే ఎక్కువ ఒకటి కావాలనిపించేది. ఆ గంట. నేను నాటినప్పటి నుంచి గుట్ట మూగదైపోయింది. పచ్చగా ఉండి మూగగా ఉండే గుట్ట నేను కోరింది కాదు. చెట్ల నడుమ నుంచి, ఆకుల చాటు నుంచి, మంద కనబడకుండా గంట ఒకటే వినబడాలి. ఆ చప్పుడు నేను ఎప్పుడూ వినలేదు. విననిదాని కోసం మనిషి అంత కాచుకుంటాడని నాకు తెలీదు.

1998లో మాదప్ప బర్గూరుకు వచ్చినాడు. గుడ్డలో కట్టిన నాలుగు కాయలిచ్చినాడు. అమ్మ చూపించమనింది, కాయ పట్టింది, ఇంకొక్క ఏడు అని చెప్పమనింది అన్నాడు. బొల్లి చచ్చిపోయిందని, దాని కూతురి మెడలో గంట కట్టినారని చెప్పినాడు. ఆ కాయలు నా మేజా సొరుగులో పెట్టుకున్నాను. సొరుగు తెరిస్తే తియ్యటి వాసన వచ్చేది. లారీ డ్రైవర్లు ఏమి సారూ బెల్లం పెట్టుకున్నావా అని అడిగేవాళ్ళు.

1999 ఏప్రిల్లో లీవు పెట్టి పోయినాను. ముందు సెక్షన్ ఆఫీసుకు. నా జాగాలో యతీశ్ అనే పిల్లోడు, కాలేజీలో అడివి చదువు చదివినోడు. కుర్చీ వేసినాడు, టీ తెప్పించినాడు. జిల్లాలో ఇంత బాగా లేచిన ప్లాంటేషన్ ఇంకోటి లేదన్నాడు. నేను గేటు సంగతి ఎత్తినాను. వాడు జర్నల్ తీసి నా ముందర పెట్టినాడు. అన్నీ నా చేతిరాతే. హక్కులు అనే చోట ఏమీ లేవని గీత గీసి ఉంది. విత్తనం అనే చోట శాఖ. వెనక ఒక ఆర్డరు అతికించి ఉంది. ప్లాంటేషన్ బాగున్నందున ఇంకా ఐదేండ్లు మూసి ఉంచవలెను. చెట్లు చస్తే గేటు తీసేవాళ్ళు. బతికినాయి గనక మూసినారు.

నేను కంబళి మాట చెప్పినాను. యతీశ్ చివరిదాకా విన్నాడు. ఎగతాళి చేయలేదు. "సార్, ఇందులో ఒక్క లైను రాసి ఉంటే నేను పైవాళ్ళతో కొట్లాడేవాడిని" అన్నాడు.

గేటు దగ్గరికి పోయినాను. ఆమె పొద్దున్నే వచ్చి నిలబడి ఉంది. భుజం మీద కంబళి. వెనక ఇరవైరెండు మేకలు. లోపల చెట్ల కింద కాయ రాలి పరుపు మాదిరి పడుండింది. మేకలకు ఆ వాసన తగిలి ట్రెంచి అంచున నిలబడి అరుస్తా ఉండినాయి. మాదప్ప తాళంచెవి చేతిలో పట్టుకుని నా మొహం చూసినాడు. నేను తల ఆడించినాను, కాదని. వాడు తిరిగి గుట్ట వైపు చూస్తా నిలబడిపోయినాడు.

ఆమెకు అంతా చెప్పినాను. రాయలేదని చెప్పినాను. రాయాల్సింది నేనేనని చెప్పినాను. చేతులు పట్టుకునేది, కాళ్ళు పట్టుకునేది ఏమీ చేయలేదు. చేసుంటే ఆమె ఇంకా అసహ్యించుకునేది.

"నువ్వు కంబళి మీద నిలబడినావు గదప్పా," అనింది. అంతే.

మందను తిప్పింది. అవి తిరగలేదు. కట్టె తీసుకుని కొట్టాల్సొచ్చింది. ఆమె మేకలను కొట్టడం నేను చూసింది ఆ ఒక్కసారే.

నేను బర్గూరు పోయి రాయడం మొదలుపెట్టినాను. మా సర్కారు భాష అరవంలో, కార్బన్ పెట్టి, మూడేసి కాపీలు. బోడిగుట్ట జర్నల్లో విత్తనం గురించి నేను తప్పు రాసినాను, ఆ విత్తనం ఫలానా కెంపమ్మ దొడ్డిది, ఆమెకు నేను మాట ఇచ్చినాను, ఆ మాట రాయకుండా దాచినాను, గేటు తీయండి. రేంజుకు, డివిజనుకు, కలెక్టరుకు. జవాబు రాలేదు. మళ్ళీ రాసినాను. ఈసారి వచ్చింది, నాకు మెమో. తప్పుడు ఎంట్రీ చేసినానని నా నోటితో నేనే ఒప్పుకున్నాను గదా. రావాల్సిన ప్రమోషన్ ఆగిపోయింది. గుట్ట కోసం కొంప ఎవడన్నా తగలబెట్టుకుంటాడా అని నా పెండ్లాం అడిగింది. ఏడాదికి రెండు లెక్కన రాస్తానే ఉన్నాను. మేక అడివిని తింటుందని జవాబు రాసినోడికి, ఈ అడివిని మేకే ఉమ్మింది అని తిరిగి రాసినాను. ఆ కాపీ మాత్రం ఇప్పటికీ ఉంది నా దగ్గర.

2003లో రిటైరయినాను. 2004 మార్చిలో మాదప్ప ఫోన్ చేసినాడు, ఉద్దనపల్లి ఎస్.టి.డి. బూతు నుంచి. ఆర్డరు వచ్చిందంట. యతీశే రేంజరై తిరిగొచ్చి, నా కాగితాలన్నీ జతచేసి పైకి పంపినాడంట. ఏప్రిల్ నెలంతా పల్లెవాళ్ళు లోపలికి పోయి కాయ ఏరుకోవచ్చు. మనుషులు మాత్రమే. మేకలు పోకూడదు. ఏరిన కాయ మోసుకొచ్చి బయట మేపుకోవాలి.

సగం. పదకొండేండ్లకు సగం.

పోయినాను. గేటు ముందర పది మంది ఆడోళ్ళు గంపలతో ఉండినారు. కెంపమ్మ తల నెరిసిపోయింది, నడుము కొంచెం వంగింది. ఆరు మేకలు తెచ్చింది. బయట కంపకు కట్టేసింది. ఆరే మిగిలినాయి. ఆవు కొనుక్కోమని కోడలు ఇంకా అంటానే ఉందంట. మాదప్ప ఎవరినీ అడక్కుండా తాళంచెవి తెచ్చి నా చేతిలో పెట్టినాడు. ఆ గేటు ముట్టుకునే హక్కు నాకు లేదు, నేను బయటోడిని. తాళం తుప్పుపట్టి ఉంది. రెండుసార్లు తిప్పితే వచ్చింది.

ఆడోళ్ళు లోపలికి పోయినారు. కెంపమ్మ పోలేదు. వెనక్కి నడిచి, బొల్లి మనవరాలి మెడలోంచి గంట విప్పింది. తెచ్చి తన నడుముకు, చీర చెంగుతో బిగించి కట్టుకుంది. మాదప్ప ఏందమ్మా అది అన్నాడు.

"మేక రాకూడదని రాసినారు. గంట రాకూడదని రాసినారా? నీ పుస్తకంలో చూసి చెప్పు ఫారెస్టరప్పా."

చెప్పి గుట్టెక్కింది. నేను గేటు దగ్గరే నిలబడినాను. కొంచెం దూరం పోయినాక ఆమె కనబడలేదు, తుమ్మలు అంత ఒత్తుగా ఉన్నాయి. గంట వినబడింది. ఒకసారి కుడి పక్క, ఒకసారి పైన. వంగి కాయ ఏరినప్పుడల్లా ఒక దెబ్బ. మేక నడకకు మోగే గంటకూ మనిషి నడకకు మోగే గంటకూ తేడా ఉంటుంది. మేకయితే తడబడదు.

తర్వాత నేనూ ఎక్కినాను. ఆమె ఒక చెట్టు కింద కంబళి పరిచింది, అదే కంబళి, అంచులు చీకిపోయినాయి. దాని మీద కాయ కుప్పగా పోసింది. నేను అలవాటుగా చెప్పులు విప్పబోయినాను.

"నిలబడొద్దులే. కూర్చుని ఏరు," అనింది.

పొద్దు నడినెత్తికి వచ్చేదాకా ఏరినాము. కిందికి మోసుకొచ్చి పోస్తే ఆరు మేకలూ కుప్పలో మూతులు పెట్టినాయి.

రెండు దినాలాగి, ఊరికి పోయే ముందర దొడ్డికి పోయినాను. ఆమె ఊడుస్తా ఉంది. చేటలో విత్తనాలు, నూనె పూసినట్టు మెరుస్తా. నా చెయ్యి దానంతటదే ముందుకు పోయింది, ముప్పై ఏండ్ల అలవాటు. ఆమె చేటను అవతలి పక్కకు జరుపుకుంది.

ఇవి నీకియ్యను అనింది. తన మెట్ట చేను మూడెకరాలు, రాగి పండక బీడుపడి ఉంది, దాని గట్లెమ్మడి వేసుకుంటానని చెప్పింది. ఆడ ట్రెంచి ఉండదు, గేటు ఉండదు, పుస్తకం ఉండదు. ఆరు మేకలకు అది చాలు. ఇంకో ఐదేండ్లు తాను బతికుంటే.

ఆ చేను నాకు తెలుసు. జానెడు లోతున సున్నపు గడ్డ. గుంత లోతుగా తవ్వకపోతే వేరు దిగదు. ఆమె నడుము చూసినాను. మాదప్ప గుట్ట మీద డ్యూటీలో ఉన్నాడు.

బస్సుకు ఇంకా టైముంది. చొక్కా విప్పి కొయ్యకు తగిలించినాను.

"గడ్డపార యాడ పెట్టినావు కెంపమ్మా?" అని అడిగినాను.